మూరెడు కర్ర మీద వడ్రంగం

బొటనవేలంత లావు, మూరెడు పొడవున్న పచ్చికర్ర. తొక్క ఒలిచేశారు. ఒకచోట చదరంగా తొలిచారు, ఇంకోచోట గుండ్రంగా పల్లం తీశారు. నడుమ ఈ పక్క నుంచి ఆ పక్కకి నలుచదరపు బెజ్జం. ఒక కొస అర్ధగోళంలా నున్నగా తేలింది, రెండో కొసని గుడారపు మేకులా చివ్వారు. మధ్యలో ఎక్కడో చిన్న ముక్కులాంటి కొక్కెం ఒకటి పైకి చూస్తోంది. ఉలి, బాడిస, చిత్రిక, బరమా ఏవీ దీని దగ్గరికి రాలేదు. పనంతా బెత్తెడు అలుగున్న ఒక్క కత్తితో జరిగింది. బుష్‌క్రాఫ్ట్, అంటే అడవిలో బతికే విద్య, నేర్పేవాళ్లు దీన్ని ట్రై స్టిక్ అంటారు. అడవిలో రోజు గడవడానికి కావలసిన చేతిపనిని ఇంత చిన్న వస్తువులో ఇంత నిండుగా కూర్చిన పాఠం నాకు మరొకటి తెలియదు.

దీన్ని పాఠంగా మలిచినవారు కెనడాకు చెందిన మోర్స్ కొచాన్‌స్కీ (1940–2019). సస్కచెవాన్‌లో పుట్టి, ఎడ్మంటన్‌లోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి ఆరుబయట బతికే విద్య బోధించారు. ఆయన పుస్తకం 'నార్తర్న్ బుష్‌క్రాఫ్ట్' 1980ల చివర్లో వచ్చింది. ముందు నిప్పు, గొడ్డలి, కత్తి, రంపం, కట్లు, నీడ. ఆ తర్వాత బర్చ్, విల్లో, స్ప్రూస్ లాంటి చెట్లు. చివర దుప్పి జాతి మూస్, కుందేలు. పుస్తకం నడక అంతే. సాహస గాథలకు అందులో చోటు లేదు. ఏ కర్రని ఎలా పట్టుకోవాలి, కత్తి ఎటు జారుతుంది, ఏ కట్టు ఎందుకు వదులవుతుంది అన్న ధ్యాసే మొదటి నుంచి చివరిదాకా. చలికాలం ఆ ఉత్తరాది అడవుల్లో ఉష్ణోగ్రత మైనస్ 40కి దిగుతుంది. సెల్సియస్, ఫారన్‌హీట్ కొలతలు రెండూ ఒకే అంకె చూపించే చలి అది. వేళ్లు కొయ్యబారిన చోట కత్తి పట్టడం కొత్తగా నేర్చుకోలేం. వెచ్చగా, తీరిగ్గా ఉన్నప్పుడే చేతికి అలవాటు చేసి పెట్టుకోవాలి. ట్రై స్టిక్ పుట్టుకకి కారణం ఈ అవసరమేనని నా నమ్మకం.

సంగీతంలో వర్ణం చేసే పనిని ఇక్కడ ఈ కర్ర చేస్తుంది. రాగంలోని సంచారాలన్నీ వర్ణంలో కుదురుగా ఇమిడి ఉంటాయి. కచేరీలు చేసే విద్వాంసులు కూడా రోజూ వర్ణం పాడుకుంటారు. ట్రై స్టిక్ మీద ఉన్న ప్రతి గాటూ శిబిరంలో మరెక్కడో పెద్ద పనిగా కనిపిస్తుంది. గుండ్రటి పల్లం దుంగల ఇంటి మూలల్లో ఒక దుంగ మీద మరో దుంగ కూర్చునే జీను గాటు. చదరపు గాటు రెండు కర్రలు జారకుండా ఒరుసుకునే చోటు. నలుచదరపు బెజ్జం రంపం చట్రంలోకి పోతుంది. ఇల్లు కట్టే కీళ్లని బొటనవేలి లావుకి కుదించి, తప్పు చేసినా ఒక కొమ్మ తప్ప ఏదీ పోని చోట చేయించడమే ఇందులోని తెలివి.

కత్తి సంగతి చెప్పకుండా గాట్ల గురించి చెప్పడం కుదరదు. కొచాన్‌స్కీ ఇష్టపడింది ఖరీదైన కత్తిని కాదు. స్వీడన్‌లోని మోరా ప్రాంతంలో తయారయ్యే సాదా కార్బన్ స్టీల్ కత్తిని చాలామందికి అలవాటు చేశారు. ఆ ప్రాంతంలోని ఓస్ట్‌నోర్ ఊళ్లో 1891లో మొదలైన కార్ఖానా నుంచి ఈ పని నేటికీ సాగుతోంది. అలుగు పొడవు అరచేయి వెడల్పంత ఉంటే చాలని ఆయన లెక్క, అంటే మన బెత్తెడు. అంతకంటే పొడవైతే మొన మీద అదుపు తప్పుతుంది. ఈ కత్తి అలుగుకి రెండు పక్కలా పదును దాకా ఒక్కొక్క వెడల్పాటి వాలు మాత్రమే ఉంటుంది. ఒక పక్క వాలు మొత్తాన్నీ కర్ర మీద ఆనించి తోస్తే కత్తి ఎంత లోతు దిగాలో వాలే చెబుతుంది. కొంచెం ఎత్తితే లోతుకి, కొంచెం వాల్చితే పైకి. సానరాయి మీద కూడా అదే సుఖం. వాలు రాయికి పూర్తిగా అంటిందా లేదా అన్నది వేళ్లకి తెలిసిపోతుంది. నేర్చుకునేవాడికి కత్తే సగం గురువు.

కూర్చునే తీరు ఆ మిగతా సగం. తొడల మధ్య కర్ర పెట్టుకుని చెక్కడం మొట్టమొదట మానేయాల్సిన పని. తొడ లోపలి ధమని తెగితే ఆసుపత్రికి దూరంగా ఉన్న మనిషి నిమిషాల్లో పోతాడు. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, పని కాళ్లకి ముందుగా జరిగేలా చూసుకుంటారు, లేదంటే ఒక పక్కకి తిరిగి చెక్కుతారు. బలం కావలసిన చోట ఇంకో పద్ధతి ఉంది: కత్తి పట్టిన చేతిని మోకాలికి ఆనించి కదలకుండా ఉంచి, రెండో చేత్తో కర్రనే వెనక్కి లాగుతారు. కత్తి కదలదు కాబట్టి అది ఎక్కడికి పోతుందో అన్న భయం ఉండదు. ఒక అనుభవశాలి చేతుల్ని చూసినప్పుడు నన్ను కట్టిపడేసింది వేగం కాదు, ప్రతి కోతకీ ముందు ఆ కత్తి ఎక్కడ ఆగుతుందో తేల్చుకోవడం.

ఆ ఆగడమే అడ్డుగాటుగా కర్ర మీదికి వస్తుంది. ముందు కర్రకి అడ్డంగా కత్తిని నిలబెట్టి, వెన్ను మీద చిన్న దుడ్డుకర్రతో తట్టి, కావలసిన లోతుకి దించుతారు. ఆ తర్వాత వాలుగా చివ్వుకుంటూ వచ్చే ప్రతి కోతా ఆ అడ్డుగాటు దగ్గర తెగి రాలిపోతుంది. అడ్డుగాటు లేకుండా చివ్వితే కర్ర పోగులు వాటి దారిన అవి చీలిపోతాయి. పోగుల్ని అడ్డంగా ముందే కోసి పెట్టడం, తర్వాత వాటి వెంట నడవడం. ట్రై స్టిక్ మీది గాట్లలో ఎక్కువ భాగం ఈ రెండు పనుల కూర్పే.

ముక్కు గాటు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. నిప్పు మీద గిన్నె వేలాడదీసే కొక్కెం కర్రకి ప్రాణం ఇదే. కర్ర మీద ఇంటూ గుర్తులా ఒకదానినొకటి దాటే రెండు గాట్లు దించుతారు. లోతు కర్ర లావులో మూడోవంతు. ఇప్పుడు ఆ గుర్తు చుట్టూ నాలుగు గడులు ఏర్పడతాయి. పై గడినీ, రెండు పక్క గడుల్నీ గాటు దాకా చెక్కేస్తారు. కింది గడిని ముట్టుకోరు. మిగిలిన ఆ గడి మొన పైకి తిరిగిన ముక్కవుతుంది. ఇక కత్తి మొనతో ముక్కు వెనక కొద్దికొద్దిగా తొలిస్తే గిన్నె తీగ పిడి కూర్చునే లోయ ఏర్పడుతుంది. గిన్నె బరువు పెరిగే కొద్దీ తీగ ఆ లోయలోకే దిగుతుంది కాబట్టి గాలికి ఊగినా ఊడిపడదు.

దీని అందం చూడటంలో కంటే లెక్కలో ఉంది. గాటు మూడోవంతు కంటే లోతుగా దిగితే కర్ర మెడ సన్నబడి అక్కడే విరుగుతుంది. పైపైన ఉంటే తీగ జారుతుంది. బరువంతా ముక్కుని కిందికి, పోగుల వెంట చీల్చాలని చూస్తుంది. దాన్ని ఆపేది ముక్కు కింద ఉన్న నిండు కర్ర. అందుకే ముక్కుని కింది కొసకి మరీ దగ్గరగా చెక్కకూడదు, పక్కన కణుపు ఉంటే వదిలేసి ఇంకో చోటు వెతకాలి. ఒకే కర్ర మీద ఇలాంటి ముక్కులు మెట్లుమెట్లుగా మూడు నాలుగు చెక్కితే పొయ్యికి సెగ తిప్పే మర వచ్చినట్టే. అన్నం ఉడికే దాకా కింది గాటు, పొంగొస్తే పై గాటు. మేకు లేదు, ఇనుము లేదు, ఒక కొమ్మ అంత పనీ చేస్తోంది.

మిగతా గాట్లను ఇంత వివరంగా చెప్పను. డవ్‌టైల్ గాటు లోపల వెడల్పు, పైన ఇరుకు, అందుకే అందులో దూర్చిన ముక్క బయటికి లాగినా రాదు. జీను గాటుని ఇంటి దుంగల్లో ఎప్పుడూ పై దుంగ అడుగున చెక్కుతారు. పైకి తెరిచి ఉంచితే వాన నీరు నిలిచి కర్ర కుళ్లుతుంది. బెజ్జాన్ని ఒక వైపు నుంచే తవ్వుకుపోతే అవతలి ముఖం పెచ్చులూడుతుంది. సగం ఇటు నుంచి, సగం అటు నుంచి రావాలి.

కొచాన్‌స్కీ దారిలో ట్రై స్టిక్ తర్వాత వచ్చే పనుల్లో ఈకల పుల్ల నాకు మరీ ఇష్టం. వానల్లో తడిసిన అడవిలో ఎండు ఆకు దొరకదు. కానీ నిలబడే చచ్చిపోయిన చెట్టుని చీలిస్తే లోపలి కర్ర పొడిగా ఉంటుంది. కణుపు లేని సన్నటి చీలిక తీసుకుని, కత్తి వాలుని ఆనించి, పై నుంచి కింది దాకా మెల్లగా తోస్తారు. పలచటి పొర వంకీ తిరుగుతూ వస్తుంది, కింది కొస దగ్గర తెగకముందే చెయ్యి ఆపాలి. పుల్లని కొంచెం తిప్పితే, ఇంతకుముందు తీసిన రెండు చదునుల మధ్య సన్నటి అంచు ఒకటి పైకి తేలుతుంది. తర్వాతి పొరని ఆ అంచు మీదే తీస్తారు, అప్పుడు వెంట్రుకలాంటి వంకీ వస్తుంది. అలా తిప్పుతూ, తోస్తూ పోతే పుల్ల కొస వంకీల గుత్తిగా మారుతుంది. పొర పలచనయ్యే కొద్దీ వేడెక్కాల్సిన కర్ర తక్కువ, గాలి తగిలే ముఖం ఎక్కువ, ఒక్క అగ్గిపుల్ల సరిపోతుంది. గుత్తిని కిందికి వాల్చి వెలిగిస్తే మంట పైకి ఎగబాకుతూ లావు పొరల్ని అంటుకుంటుంది. ఒక్క పొర తెగిపోయినా, మందంగా వచ్చినా పుల్ల మీద కనిపిస్తూనే ఉంటుంది. పక్కన నిలబడి దిద్దేవాళ్ల అవసరం లేదు.

ఇక గాట్లన్నీ ఒకచోట కలిసే పని చట్రం రంపం. అడవికి మోసుకెళ్లేది చుట్టగా చుట్టిన రెండడుగుల రంపపు అలుగు, కొంచెం తాడు మాత్రమే. చట్రాన్ని అక్కడే చెక్కుతారు. రెండు నిలువు కర్రలు, వాటి నడుమ ఒక అడ్డకర్ర. నిలువు కర్రల కింది కొసల్ని చీల్చి అలుగుని దూర్చి చిన్న చీలలు వేస్తారు. అడ్డకర్ర కొసల్ని చివ్వి, నిలువు కర్రల్లో తొలిచిన బెజ్జాల్లో కూర్చోబెడతారు. పై కొసలకి తాడు చుట్టి, దాని మధ్య ఒక పుల్ల దూర్చి తిప్పుతారు. తాడుకి పురి ఎక్కే కొద్దీ పై కొసలు దగ్గరికి వస్తాయి, అడ్డకర్ర ఆనుకుని ఉండటంతో కింది కొసలు దూరం జరుగుతాయి, అలుగు వీణ తీగలా బిగుస్తుంది. ఆ బిగువు రావాలంటే అడ్డకర్ర కొసలు బెజ్జాల్లో కొంచెం ఆడాలి, అలాగని ఊడకూడదు. బెజ్జం బిగుతైతే చట్రం తిరగదు, వదులైతే రంపం మెలిపడుతుంది. చిన్న కర్ర మీద నలుచదరపు బెజ్జం ఎందుకు అంత శ్రద్ధగా చేయించారో ఇక్కడ తెలుస్తుంది.

పనుల్ని ఇలా వరుసలో కూర్చడం కొత్త ఆలోచన కాదు. స్వీడన్‌లో ఓట్టో సాలొమన్ 1870ల నుంచి నేస్ అనే చోట ఉపాధ్యాయులకి చెక్కపని నేర్పేటప్పుడు తేలిక వస్తువుతో మొదలుపెట్టి, ఒక్కో వస్తువుకీ ఒక్కో కొత్త పనితనం జోడిస్తూ నమూనాల వరుస తయారుచేశారు. ఆయన నమూనాలు ఇంట్లో వాడుకునే వస్తువులు. ట్రై స్టిక్ ఎందుకూ వాడుకోలేనిది. ఒప్పుకుంటాను, ఆ ఒక్క విషయంలో సాలొమన్ పద్ధతే గొప్పది. వాడుకునే వస్తువు చేతిలో ఉంటే నేర్చుకునేవాడికి ఊపు వస్తుంది. అందుకే కర్ర పూర్తవగానే అదే రోజు కొక్కెం కర్రో, గుడారపు మేకులో చేయించడం మంచిది.

మన దగ్గర భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ శిబిరాల్లో వెదురు, తాళ్లతో గిన్నెల బల్ల, చెప్పుల స్టాండు లాంటి గాడ్జెట్లు కట్టే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. ఆ కట్లు చక్కగా ఉంటాయి. అయితే వెదురు గుల్ల కాబట్టి దాని మీద లోతు గాట్లు కుదరవు, భారమంతా తాడు మీదే పడుతుంది. నిండు కర్ర దొరికిన చోట కట్టుకి ముందు ఒక చదరపు గాటు పెడితే తాడు చాలా తక్కువ పడుతుంది, కట్టు జారదు. శిబిరాల్లో ఈ రెండు విద్యలూ కలిపి నేర్పితే బాగుంటుందని నా కోరిక.

కర్ర కోసం అడవికి వెళ్లనక్కర్లేదు, వెళ్లకూడదు కూడా. 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రిజర్వు అడవిలో అనుమతి లేకుండా కొమ్మ నరకడం, నిప్పు రాజేయడం నేరాలు. పెరట్లో కొట్టేసిన వేప కొమ్మలూ, పొలం గట్టు మీద మొలిచిన సుబాబుల్ రెమ్మలూ ఈ పనికి చక్కగా సరిపోతాయి. మునగ మరీ మెత్తన, గాటు అంచు నిలవదు. ఎండిన తుమ్మ కొత్త చేతికి లొంగదు. కొమ్మ పచ్చిగా, నిటారుగా, కణుపులు దూరంగా ఉన్నదై ఉండాలి. కొట్టిన రోజే చెక్కితే తేలిక, ఎండలో వదిలేస్తే బీటలు వారుతుంది. మొదట ముక్కు గాటే చెక్కండి. అయ్యాక రెండు లీటర్ల నీళ్లు పోసిన తీగ పిడి బకెట్‌ని దానికి తగిలించి రాత్రంతా వదిలేయండి. తెల్లారి ముక్కు మొదట్లో సన్నటి చీలిక కనిపిస్తే లోయని మరీ లోతుగా తొలిచారని, తీగ పక్కకి జరిగి ఉంటే ముక్కు నిటారుగా రాలేదని అర్థం. అదే కర్ర మీద నాలుగు వేళ్లు పైకి జరిగి ఇంకో ఇంటూ గుర్తు పెట్టండి.