క్లచ్ వైరులో కాస్త వదులు

శింగనమల చుట్టుపక్కల ఇంకా తిరుగుతున్న పాత హీరో హోండాల మీద ఏమేం ఎక్కుతాయో చూస్తే, వాటిని తయారుచేసిన ఇంజనీర్లు నోరెళ్లబెడతారు. వెనక శెనక్కాయల మూట, ట్యాంకు మీద పిల్లోడు, పక్కన పాల క్యాను. 1985లో సీడీ 100 వచ్చినప్పుడు పెట్రోలు పోసి, మూత పెట్టి, ఇక మరిచిపొమ్మంది కంపెనీ ప్రకటన. పెట్రోలు మాట నిజమే అయింది. క్లచ్ మాత్రం అంత సులువుగా మరవనిచ్చే వస్తువు కాదు.

క్లచ్ లీవరు నొక్కగానే మొదట ఏ బరువూ తగలకుండా కొంచెం కదులుతుంది. ఆ తర్వాతే స్ప్రింగుల బిగువు వేళ్లకు తెలుస్తుంది. ఆ ఖాళీ కదలికనే మెకానిక్కులు ప్లే అంటారు. స్ప్లెండర్‌కి ఇది లీవరు కొసన 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలని కంపెనీ పుస్తకమే చెబుతుంది. లీవరు పొడవు కాబట్టి కొసన అంత కనిపించేది వైరు తగిలే మొదలు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. చాలామందికి ఇది లోపంలా తోస్తుంది. వైరు బిగించుకుంటే చేతికి హాయిగా ఉంటుందనుకుంటారు.

ఇంజన్‌లో ఆయిల్‌లో తడుస్తూ ఉండే ప్లేట్లను స్ప్రింగులు ఒకదానికొకటి అదిమి పట్టుకుంటాయి. లీవరు నొక్కితే ఆ పట్టు విడుతుంది. ప్లే బొత్తిగా లేకపోతే చెయ్యి తీసేసినా వైరు స్ప్రింగులను కొద్దిగా వెనక్కి లాగుతూనే ఉంటుంది. ఒక్కడే పోతే తెలియదు. మూటతో, వెనక ఇంకో మనిషితో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. ప్లేట్లు జారి వేడెక్కి కాలతాయి. ప్లే మరీ ఎక్కువైతే కథ తిరగబడుతుంది. లీవరు హ్యాండిల్‌కి ఆనేదాకా నొక్కినా ప్లేట్లు పూర్తిగా విడవవు, గేరు ‘టక్’మని కొడుతుంది, ఆగి ఉన్న బండి ముందుకు పాకుతుంది. “అన్నా, న్యూట్రల్ పడడంల్యా” అని మెకానిక్ దగ్గరికి వచ్చే బండ్లలో చాలా వాటి జబ్బు ఇదే.

ఆ మెకానిక్ తొందరలో ఉంటే రెండు చుట్లు బిగించి పంపేస్తాడు. బండి యజమాని సంతోషంగా పోతాడు, కొన్నాళ్లకు పికప్ లేదంటూ తిరిగి వస్తాడు. ఈ కాలమ్ రాసేవాడి పేచీ అంతా ఆ రెండు చుట్లతోనే. ఎందుకంటే ప్లే రెండు వైపులా మారుతుంది. వైరు సాగినా, దాని పైతొడుగు అణిగినా ప్లే పెరుగుతుంది. ప్లేట్లు అరిగితే మాత్రం తగ్గుతుంది! ప్లేట్ల దొంతర పలచబడేకొద్దీ దాన్ని అదిమే పలక బయటికి జరిగి, లీవరు నుంచి వచ్చే మీటకు దగ్గరవుతుంది. అరిగితే వదులవ్వాలి గదా అనుకునేవాడికి ఇది మింగుడుపడదు. వైరు తాకకపోయినా ప్లే మాటిమాటికీ తగ్గిపోతోందంటే ప్లేట్లు చూడాల్సిన రోజు దగ్గరపడినట్టే. రోజురోజుకీ పెరుగుతోందంటే వైరు పోగులు ఎక్కడో తెగుతున్నాయి, లీవరు దగ్గర వైరు కొస గుండు పట్టుకుని ఉండే చోటే ముందు చూడాలి. రెండూ కలిసి అరిగితే ప్లే మారనే మారదు, బండి బాగున్నట్టే నటిస్తుంది.

ప్లే సరిగ్గా ఉన్నా జారుతుంటే పోసిన ఆయిల్ ఏదో అడగాలి. రాపిడి తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ ఈ ప్లేట్లకు పనికిరాదు. మోటార్‌సైకిళ్ల కోసం జపాన్ వాళ్లు 1998లో జాసో ప్రమాణం తెచ్చింది ఈ తేడా కోసమే. డబ్బా మీద ఎంఏ అని ఉంటే చాలు.

తొడుగులో వైరు నడిచే ఈ పద్ధతికి 1896లో పేటెంటు తీసుకున్నవాడు ఎర్నెస్ట్ బౌడెన్. అడ్జస్టర్ మర తిప్పితే లోపలి వైరు పొట్టిదవదు. పైతొడుగు దారి పొడవవుతుంది, దాంతో వైరు బిగుస్తుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ జిల్లాలో తొడుగు మూతి దగ్గర చేరేది నీరు కన్నా దుమ్ము. పాత ఆయిల్‌తో కలిసి అది గరుకు ముద్దవుతుంది. అలాంటి వైరుకు ప్లే ఎంత సరిచేసినా లీవరు బరువుగానే వస్తుంది. ముందు కడిగి ఆయిల్ వెయ్యాలి, తర్వాతే పానా పట్టాలి.

సరిచేయడం చల్లటి ఇంజన్ మీదే. లీవరు దగ్గరి మరను దాదాపు పూర్తిగా లోపలికి తిప్పి, ఇంజన్ దగ్గరి నట్టుతో పెద్ద తేడా తీసేసి, చివరి సన్న పని మళ్లీ లీవరు దగ్గర చూసుకోవాలి. లాక్ నట్ బిగించాక హ్యాండిల్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పాలి. ప్లే మారితే వైరు ఎక్కడో ఈడ్చుకుంటోంది, మలుపులో అదే క్లచ్ నొక్కేస్తుంది. పాత బుల్లెట్‌కి ఇది చాలదు. 1955 నుంచి మద్రాసులో తయారైన ఆ బండికి గేర్‌బాక్స్ మూత వెనక ఇంకో మర ఉంది. వైరు పూర్తిగా వదిలి ముందు దాన్ని సరిచెయ్యాలి. అది వదిలేసి వైరు మీదే పడేవాళ్లు సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటారు.

ఈ తలనొప్పే వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు. 1958లో వచ్చిన హోండా సూపర్ కబ్‌కి క్లచ్ లీవరే లేదు, ఒంటిచేత్తో నడపాలన్నది హోండా కోరిక. 1980లో హోసూరులో పుట్టిన టీవీఎస్ 50కీ లేదు. మూటలు మోయడంలో పల్లె దాన్ని నమ్మడానికి అదీ ఒక కారణం. మైసూరు యెజ్డీది మరో తెలివి: లీవరు ఉన్నా, గేరు కాలితో నొక్కగానే క్లచ్ దానంతటదే విడుతుంది. నడిదారిలో వైరు తెగితే యెజ్డీవాడు గేరు మార్చుకుంటూ ఇల్లు చేరతాడు. స్ప్లెండర్‌వాడు న్యూట్రల్‌లో నెట్టుకుంటూ పరిగెత్తి, ఎక్కి, ఫస్ట్ గేరు వెయ్యాలి. తాడిపత్రి రోడ్డు మీద మధ్యాహ్నం ఆ పరుగు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు సీటు కింద చుట్ట చుట్టిన కొత్త వైరు ఒకటి పెట్టుకుని తిరుగుతారు.