ప్రశ్నావళి భాష – రోగి నుడికారం: ఆహార, లక్షణ స్వీయనివేదన పరిశోధనలపై విమర్శ

వ్యాససంగ్రహం:
నిత్యం తినే తిండి గురించీ, చికిత్సాకాలంలో కలిగే బాధల గురించీ రోగి స్వయంగా చెప్పే మాటలను ఆధారం చేసుకొని అనేక ఆరోగ్య పరిశోధనలు సాగుతున్నాయి. వాటికి ప్రధాన సాధనం ప్రశ్నావళి. అది కొలమానం మాత్రమే కాదు, భాషతో నిర్మితమైన పాఠం కూడా. ఆహార ప్రశ్నావళి, లక్షణ ప్రశ్నావళి విడివిడిగా అడిగే విషయాలను తెలుగు రోగి “వేడి చేసింది” వంటి ఒక్క మాటలో కలిపి చెబుతాడు. ఆ కలయికను గుర్తించని అనువాదం చికిత్సకు అవసరమైన సమాచారాన్ని జారవిడుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: స్వీయనివేదన, ఆహార ప్రశ్నావళి, చికిత్సా లక్షణాలు, అనువాదం, నుడికారం, పథ్యం.

1. ఉపోద్ఘాతం:
రక్తపోటును పరికరం కొలుస్తుంది. కణితి పరిమాణాన్ని స్కానింగు చూపుతుంది. కానీ వికారం ఎంతగా ఉందో, నిన్న రాత్రి ఎన్ని ముద్దలు గొంతు దిగాయో రోగి చెబితే తప్ప తెలియదు. ఈ చెప్పడాన్ని అంకెలుగా మార్చేదే ప్రశ్నావళి. ప్రశ్నలోని మాట రోగికి ఒక అర్థాన్నీ పరిశోధకునికి మరొక అర్థాన్నీ ఇచ్చినప్పుడు, ఆ తరువాతి గణాంకాలు ఎంత సూక్ష్మమైనవైనా ఆ తేడాను సరిదిద్దలేవు. అందువల్ల ప్రశ్నావళి భాషాసాహిత్య విమర్శకు కూడా విషయమే అవుతుంది.

2. ఆహార ప్రశ్నావళి – సగటు తిండి అనే కల్పన:
అమెరికాలో 1976లో మొదలైన నర్సుల ఆరోగ్య అధ్యయనం 1980లో 61 ఆహారపదార్థాల పట్టికతో తన మొదటి ఆహార ప్రశ్నావళిని పంపింది. ఇటువంటి ప్రశ్నావళులు సాధారణంగా గడచిన ఏడాదిలో ఏ పదార్థాన్ని ఎన్నిసార్లు తిన్నారని అడుగుతాయి. వేలాది మందిని తక్కువ ఖర్చుతో అడగగలగడం వీటి బలం. బలహీనత ఎంతటిదో 2003లో వెలువడిన ఓపెన్ అధ్యయనం చూపింది. ఐసోటోపు గుర్తులు గల నీటిని తాగించి శరీరం ఖర్చు చేసిన శక్తిని కొలిచే పద్ధతితో 484 మంది సమాధానాలను అందులో సరిపోల్చారు. ప్రశ్నావళిలో పురుషులు తాము తీసుకున్న శక్తిని 31 నుండి 36 శాతం, స్త్రీలు 34 నుండి 38 శాతం తక్కువగా చెప్పినట్లు తేలింది. గడచిన 24 గంటల తిండిని గుర్తుచేసుకొని చెప్పే పద్ధతిలో ఈ లోటు పురుషులలో 12 నుండి 14 శాతం, స్త్రీలలో 16 నుండి 20 శాతం మాత్రమే.

ఈ లోటును అబద్ధంగా మాత్రమే చూడటం సరికాదు. “ఏడాదికి సగటు” అనేది గణాంకవేత్త ఊహలోనిదే గాని, తినేవారి అనుభవంలోనిది కాదు. తెలుగు ఇంటి తిండి రుతువును, పండుగను, పంటను అనుసరించి మారుతుంది. మామిడికాయల రోజుల్లో పప్పు వేరు, చలికాలంలో వేరు. కార్తికంలో మాంసం మానేసే ఇల్లు మిగిలిన నెలల్లో మానదు. “మామూలుగా ఏం తింటారు?” అంటే “అందరూ తినేదే” అన్న జవాబు వస్తుంది. అది ప్రశ్నను తప్పించుకోవడం కాదు, ఒకే కుండలో వండుకొని పంచుకొని తినే కుటుంబం ఇచ్చే నిజాయితీ గల సమాధానం. ఊరగాయను, పులుసును, చారును “ఒక వడ్డింపు” అనే కొలతలో ఇమడ్చడం కష్టం. అందరూ తిన్నాక మిగిలినది తినే ఇల్లాలికి తన వంతు ఎంతో చెప్పడం మరీ కష్టం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ అనుసరించిన విధానం ఇక్కడ గమనార్హం. 1972లో ప్రారంభమైన జాతీయ పోషణ పర్యవేక్షణ వ్యవస్థ సర్వేలలో పరిశోధకులు ఇంటికే వెళ్లి, ప్రామాణిక గిన్నెలు చూపించి, వండినదెంత, ఎవరు తిన్నదెంత అని వండిన మనిషినే అడిగేవారు. అంకెకు ముందు గిన్నె వచ్చింది. పరాయి కొలతలోకి ఇంటి తిండిని అనువదించే భారం చెప్పేవారి మీద కొంత తగ్గింది.

3. లక్షణ ప్రశ్నావళి – సాధించినదీ, సాధించవలసినదీ:
లక్షణాల స్వీయనివేదన విలువను శంకించవలసిన పని లేదు. న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కేంద్రంలో కీమోథెరపీ పొందుతున్న 766 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలను ఈథన్ బాష్ బృందం 2017లో ప్రకటించింది. తమ లక్షణాలను కంప్యూటరు ద్వారా తామే తెలియజేసిన రోగుల మధ్యగత జీవనకాలం 31.2 నెలలు కాగా, సాధారణ సంరక్షణ పొందినవారిది 26 నెలలు. బాధ ముదిరినప్పుడు నర్సుకు వెంటనే సమాచారం అందడం ఈ ఏర్పాటులో ముఖ్యమైన అంగం.

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ రూపొందించిన ప్రో-సీటీసీఏఈ 78 లక్షణాలను 124 ప్రశ్నలుగా విభజించి, ప్రధానంగా గడచిన ఏడు రోజుల అనుభవాన్ని అడుగుతుంది. ఐరోపా సంస్థ ఈఓఆర్‌టీసీ 1993లో వెలువరించిన 30 ప్రశ్నల పత్రం వందకు పైగా భాషల్లోకి వెళ్లింది. ఈ రెండవ పత్రంలో విశ్రాంతి అవసరం, బలహీనత, అలసట అనే మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసి ఒకే అలసట సూచిక అవుతాయి. తెలుగు మాటలో ఈ మూడింటినీ “నీరసం” ఒక్కటే మోయగలదు. ఒకే సంగతిని మూడుసార్లు అడుగుతున్నారని రోగికి అనిపిస్తే, మూడవ జవాబులో విసుగు కూడా చేరుతుంది. నొప్పి విషయంలో దీనికి విరుద్ధం. సలుపు, పోటు, మంట, తీపు, గుంజడం అంటూ తెలుగు వేరు చేసి చెప్పేవన్నీ “నొప్పి ఎంత?” అనే ఒక్క గడిలో కలిసిపోతాయి.

అనువాద నాణ్యతకు పరీక్షగా వాడే ప్రతి-అనువాదంలోనూ ఒక లోపం ఉంది. తెలుగులోకి తెచ్చిన ప్రశ్నను మరొకరు తిరిగి ఆంగ్లంలోకి మార్చి మూలంతో పోలుస్తారు. “మధ్యస్థ తీవ్రత” వంటి మక్కికి మక్కి పదబంధం ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది. “ఓ మోస్తరుగా” అనే జీవద్భాష తడబడుతుంది. అంటే పరీక్ష రోగికి అర్థమయ్యే మాటను కాక, మూలానికి విధేయమైన మాటను ఎన్నుకునే ప్రమాదం ఉంది. రోగులకు ప్రశ్న చూపించి వారి అవగాహనను అడిగి తెలుసుకునే దశ ఈ లోపాన్ని సరిదిద్దగలదు. కానీ ఆ దశలో ఏ ప్రాంతం వారిని, ఎంత చదివినవారిని పిలిచారన్నదే కీలకం.

4. “వేడి చేసింది” – రెండు ప్రశ్నావళుల మధ్య జారిపోయే మాట:
ఈ చర్చకు కేంద్రమైన ఉదాహరణ ఒకటుంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధన ఫోలిక్ ఆమ్ల విరోధి ఔషధాలకు దారితీసింది. ఆ కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. నోటిలో పుండ్లు దాని ప్రసిద్ధ దుష్ఫలితాల్లో ఒకటి. నోరు పూసిన తెలుగు రోగి “వేడి చేసింది” అంటే అందులో లక్షణం, కారణం, చికిత్స మూడూ ఉన్నాయి. తిన్నదేదో పడలేదు, చలవ చేసేది తీసుకోవాలి, మజ్జిగో సబ్జా నీళ్లో తాగితే తగ్గుతుంది అని దాని భావం.

ప్రో-సీటీసీఏఈ ప్రశ్న లక్షణాన్నే అడుగుతుంది, కారణాన్ని అడగదు. అది దాని వివేకం. అయితే చదవలేని రోగికి సిబ్బందో బంధువో ప్రశ్నను చదివి వినిపిస్తూ “మందు వల్ల ఏమైనా ఇబ్బంది కలిగిందా?” అని మార్చి అడిగితే, జవాబు “లేదు” అని రావచ్చు. రోగి దృష్టిలో అది మందు వల్ల కాదు, వేడి వల్ల. తెల్లరక్తకణాలు తగ్గిన దశలో నోటి పుండు ఇన్‌ఫెక్షన్‌కు ద్వారమవుతుంది గనుక ఈ “లేదు” ప్రాణానికే ముప్పు తేగలదు. “ఒళ్లు వేడిగా ఉంది” అంటే జ్వరం. “ఒంటికి వేడి చేసింది” అంటే జ్వరమే కానక్కరలేదు. ఈ భేదం తెలియని అనువాదకుడు రెండు విధాలా పొరబడతాడు.

రెండవ వైపు పథ్యం ఉంది. పుండు మానదనో, చీము పడుతుందనో వంకాయ, పప్పు, గుడ్డు మానేసిన రోగి ఆహారం వారాల్లోనే మారిపోతుంది. ఏడాది సగటు అడిగే ఆహార ప్రశ్నావళికి ఇది కనిపించదు. ఏడు రోజుల లక్షణాలను అడిగే పత్రం తిండిని అడగదు. ఆకలి మందగించి తినకపోవడం, పథ్యమని తినకపోవడం వేర్వేరు కారణాలు. వాటికి వైద్యుడు చెప్పవలసిన మాట కూడా వేరే. కాలపరిమితులు కలవని రెండు పత్రాలను పక్కపక్కన పెట్టి తిండికీ లక్షణానికీ సంబంధం వెదకడం పద్ధతి రీత్యా బలహీనమైన పని.

5. ముగింపు:
ప్రామాణిక ప్రశ్న లేనిదే పోలిక లేదు, పోలిక లేనిదే శాస్త్రం లేదన్న వాదంలో బలముంది. నుడికారానికి తలుపు తెరిస్తే ఒక్కో జిల్లాకు ఒక్కో పత్రం కావలసి వస్తుందన్న భయమూ నిరాధారం కాదు. కాని ఇక్కడ కోరేది ప్రామాణికతను వదులుకోవడం కాదు. ప్రశ్న ఒక్కటిగానే ఉండవచ్చు. దానితోపాటు అడిగేవారి చేతిలో ఒక పదసూచిక ఉండాలి. “వేడి”, “వాతం”, “పైత్యం”, “నలత” అన్న మాట వినపడితే తరువాత ఏమడగాలో అది చెప్పాలి. తిండి మానేస్తే ఎప్పటినుంచి, ఎందుకని మానారో అడిగే ఒక్క ప్రశ్న లక్షణ పత్రానికి చేరాలి.

ఇటువంటి పనికి తెలుగులో పూర్వమార్గం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం రైతుల నోట వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా సేకరించింది. రోగి నోట బాధల పదాలను ఆ విధంగా సేకరించే పని తెలుగు శాఖలు, వైద్య కళాశాలలు కలిసి చేపట్టదగినది. రైతు మాటకు దక్కిన శ్రద్ధ రోగి మాటకు కూడా దక్కాలి. ఆ మాట సరిగా వినపడినప్పుడే స్వీయనివేదన అన్న పేరు సార్థకమవుతుంది.