ముప్పై ఆంపియర్లు పోయే దారి

ఇన్వర్టర్లు బాగుచేసే షాపులో పాత బోర్డు ఒకటి తిరగేసి చూడండి. లావు ట్రాకుల మీద ఆకుపచ్చ పూత ఉండదు. ఉత్త రాగి మీద సోల్డర్ గట్టు కట్టి ఉంటుంది. కొన్నిచోట్ల ఆ సోల్డర్‌లోంచి రాగి తీగ తొంగిచూస్తుంది. చూడ్డానికి మోటు పనే. కానీ ఎక్కువ కరెంటు లాగే లోడుకు స్విచ్ బోర్డు గీయాలనుకునేవాడికి మొదటి పాఠం అక్కడే ఉంది.

మామూలు బోర్డు మీద రాగి మందం 35 మైక్రాన్లు. 10 మిల్లీమీటర్ల వెడల్పున ట్రాక్ గీస్తే తెర మీద రాజమార్గంలా కనిపిస్తుంది గానీ, అడ్డంగా కోస్తే దక్కే రాగి 0.35 చదరపు మిల్లీమీటరే. ఇంట్లో పవర్ సాకెట్‌కి ఎలక్ట్రీషియన్ 2.5 స్క్వేర్ వైరు తెమ్మంటాడు. మనమేమో అందులో ఏడో వంతు రాగిలోంచి 30 ఆంపియర్లు పంపేద్దామనుకుంటాం!

ఈ రాగిలో ఒక చదరం, చిన్నదైనా పెద్దదైనా, సుమారు అర మిల్లీ ఓమ్ రెసిస్టెన్స్ చూపిస్తుంది. 50 మిల్లీమీటర్ల పొడవంటే ఐదు చదరాలు, రెండున్నర మిల్లీ ఓమ్‌లు. 30 ఆంపియర్లకు 2.25 వాట్ల వేడి. పైన సోల్డర్ పల్చగా పూస్తే ఒరిగేది తక్కువ, దాని రెసిస్టెన్స్ రాగికి ఎనిమిది రెట్ల పైమాటే. అదే 2.5 స్క్వేర్ వైరు ముక్కని ఒలిచి, ట్రాక్ పొడవునా పరిచి అతికిస్తే వేడి పావు వాట్ చిల్లరకు దిగుతుంది. షాపువాళ్ల మోటు పనిలో ఉన్న లెక్క ఇదీ.

ఇక స్విచ్. 12 వోల్టుల మోటారుకి చాలామంది ఐఆర్‌ఎఫ్ 3205 మాస్‌ఫెట్ వాడతారు. డేటాషీట్ మొదటి పేజీలో 110 ఆంపియర్లని ఉంటుంది, ఆ అంకెని నమ్ముకోవద్దు. చూడాల్సింది 8 మిల్లీ ఓమ్‌లన్న అంకె. అదీ 25 డిగ్రీల దగ్గర, గేట్‌కి 10 వోల్టులు ఇస్తేనే. 30 ఆంపియర్లకి 7.2 వాట్లు, వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరిగి ఇంకా ఎక్కువ. నేనైతే రెండు పక్కపక్కన పెడతాను. కరెంటు సగమైతే ఒక్కోదాని వేడి నాలుగో వంతు, 1.8 వాట్లే. కంట్రోలర్ ఇచ్చే 5 వోల్టులతో గేట్ నడిపితే మాత్రం సగం ఎత్తిన తూమే, పూర్తిగా తెరుచుకోదు. గేట్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి, కంట్రోలర్ మేలుకునేలోపు మోటారు తనంతట తాను తిరగకుండా.

మోటారుకి అడ్డంగా డయోడ్ పెట్టడం ఒకసారి మరిచిపోయాను. నాలుగోసారి ఆపేసరికి మాస్‌ఫెట్ పోయింది. పోవడమంటే తెగిపోవడం కాదు, షార్టయింది. స్విచ్ ఆపినా మోటారు ఆగలేదు. బ్యాటరీ వైరు పీకితే గానీ ఆగలేదు. అప్పటినుంచి బ్యాటరీ పక్కనే ఫ్యూజు లేకుండా బోర్డుకి కరెంటివ్వను.

చివరిగా, స్క్రూ టెర్మినల్లో పెట్టే వైరు కొసలకి సోల్డర్ పూయకండి. స్క్రూ ఒత్తిడికి సోల్డర్ మెల్లగా నలిగి బిగువు సడలుతుంది. లగ్ వేసి క్రింప్ చేయండి. ఓ గంట నడిపాక కరెంటు ఆపి, స్క్రూలు మరోసారి బిగించండి. బోర్డు ముందు నల్లబడేది అక్కడే.