ఉరుమా, ఉరుమువంటి స్వరమా? – 29వ కీర్తన తెలుగు అనువాదముపై ఒక పరిశీలన

29వ కీర్తన తుపాను కీర్తన. 3 నుండి 9 వరకు గల వచనములలో ‘యెహోవా స్వరము’ అను మాట ఏడు మారులు వచ్చుచున్నది. మన తెలుగు బైబిలులో ఆ ఉరుము ఎంతవరకు వినబడుచున్నది? దానిని ప్రసంగపీఠమునుండి మనమెట్లు వివరించుచున్నాము? ఈ రెండు ప్రశ్నలను మేమిక్కడ పరిశీలించుచున్నాము.

మూలమును అనువాదమును

హెబ్రీలో ‘కోల్’ అను పదమునకు స్వరము, శబ్దము, ఉరుము అను అర్థములు కలవు. నిర్గమకాండము 9:23లో ఐగుప్తు ఉరుములకును, 19:16లో సీనాయి ఉరుములకును దీని బహువచనమే వాడబడినది. అక్కడ మన అనువాదకులు ‘ఉరుములు’ అనిరి, ఇక్కడ ‘స్వరము’ అనిరి. రెండును తప్పు కావు. అయితే హెబ్రీ శ్రోతకు ఒకే పదములో వినబడిన రెండర్థములు తెలుగులో విడిపోయినవి. స్వరమనగానే మనకు పాట స్ఫురించును గాని ఫెళఫెళమను శబ్దము స్ఫురింపదు.

3వ వచనములోని ‘ఉరుమువలె’ అను మాట ఇంతకంటె ముఖ్యమైనది. మూలములో ‘వలె’ లేదు. దేవుడు ఉరిమెనను క్రియ మాత్రమే కలదు. తెలుగులో మబ్బు ఉరుమును, కోపించినవాడు ఉరిమి చూచును. కావున దేవునికి ఆ క్రియ వాడుటకు అనువాదకులు సందేహించియుండవచ్చును. కాని ‘వలె’ చేరుటచేత ఉరుము వట్టి పోలికగా మిగిలినది.

దీనివలన నష్టమేమి? కనానీయులు ఉరుమును బయలు స్వరమని చెప్పుకొనిరి. సిరియాలోని రాస్ షమ్రాలో 1929 నుండి బయల్పడిన ఉగరీతు పలకలు ఇందుకు సాక్ష్యము. ఈ కీర్తనకు కనాను మూలము కలదని 1935లో హెచ్.ఎల్. గిన్స్‌బర్గ్ ప్రతిపాదించెను. దానిని అంగీకరించినను మానినను, 11 వచనములలో యెహోవా నామము 18 మారులు వచ్చుట గమనార్హము. ఉరుము బయలుది కాదు, యెహోవాది అనునదే కవి వాదము. ‘వలె’ ఆ వాదమును బలహీనపరచుచున్నది.

ప్రసంగములో

ఉరుము వినగానే అర్జునుని పేర్లు తలచుకొనువారు మన పల్లెలలో కలరు. దానిని మూఢనమ్మకమని ఖండించు ప్రసంగీకులలో కొందరు, పిడుగుపాటున మరణించినవాని ఇంట ‘ఇది దేవుని ఉగ్రత’ అనుచున్నారు. ఇది ఏ వాక్యమునుబట్టి? ఈ కీర్తనలో లెబానోను దేవదారులు విరిగినవి, కాదేషు అరణ్యము కదలినది; ఒక్క మనుష్యుడైనను కొట్టబడలేదు. కీర్తన సమాధానముతో ముగియుచున్నది. సిలోయము గోపురము పడి చనిపోయిన 18 మంది ఇతరులకంటె పాపులు కారని ప్రభువే చెప్పెను (లూకా 13:4).

మన దేశములో పిడుగుపాటు ఏటా రెండు వేలకు పైగా ప్రాణములను తీయుచున్నది. వారిలో అనేకులు పొలములలో పనిచేయువారే. మెరుపు గాలిని సుమారు 30,000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేయగా, ఆ గాలి ఒక్కసారిగా వ్యాకోచించుటవలన ఉరుము పుట్టును. ఉరుము వినబడినదనగా పిడుగు పడగల దూరములో మనమున్నామని అర్థము. చెట్టు క్రిందికి పోక పక్కా ఇంటిలోనికి వెళ్లుడని సంఘమునకు చెప్పుటయు కాపరి పనియే. ఇది కీర్తనకు విరోధము కాదు. ఉరుము ఎట్లు పుట్టునో తెలిసినంతమాత్రమున అది ఎవరిదను ప్రశ్న తీరిపోదు.

ఈ వచనమును మరల సవరించువారు ‘వలె’ను విడిచిపెట్టుట మేలని మా అభిప్రాయము. అంతవరకు కాపరులు ఈ కీర్తనను బిగ్గరగా, ప్రతి ‘స్వరము’ వద్ద ఒక క్షణము ఆగి చదువుదురు గాక. ఉరుమును సంఘము వినవలెను; అయితే ఆ ఉరుములో మృతునిపై తీర్పును వినిపించుటకు మనకు అధికారము లేదు.