నీటికి ఇచ్చే పనితనం

అరటి బోదెను రెండు వేళ్ళ మందాన అడ్డంగా కోస్తే తెల్లటి గుండ్రటి బిళ్ళ వస్తుంది. లోపలంతా పొర మీద పొర, ఒక్కో పొరలో గళ్ళుగళ్ళుగా గాలి. అందుకే ఎన్ని పూలు మోసినా నీళ్ళలో మునగదు. పుల్ల గుచ్చితే కదలకుండా పట్టి ఉంచుతుంది. థాయ్‌లాండ్‌లో ఏటా నవంబరు ప్రాంతంలో వచ్చే లోయ్ క్రతోంగ్ పండుగకి లక్షల చేతులు ఈ బిళ్ళతోనే పని మొదలుపెడతాయి. 'లోయ్' అంటే తేలడం. 'క్రతోంగ్' అంటే ఆకు దొన్నె.

థాయ్ చాంద్రమానంలో పన్నెండో నెల పున్నమి నాడు ఈ పండుగ. చాలా ఏళ్ళు అది మన కార్తీక పౌర్ణమే అవుతుంది. కార్తీకంలోనూ, ఆ నెల వెళ్ళాక పోలి పాడ్యమి తెల్లవారుజామునా మన ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి ఏటికి వదులుతారు. ఆ దొప్పలు చూసిన కంటికి క్రతోంగ్ పరాయిది కాదు. దాన్ని అందుకునే దేవత కూడా మనకు తెలిసిన తల్లే. వాళ్ళు ఆమెను 'ఫ్ర మే ఖోంగ్‌ఖా' అంటారు, అంటే గంగమ్మ తల్లి. ఏడాది పొడుగునా తాగడానికి, పంటకి నీళ్ళిచ్చినందుకు దణ్ణం పెట్టి, ఆ నీళ్ళను మురికి చేసినందుకు తప్పు మన్నించమంటారు. మన దొప్ప వత్తి వెలిగితే చాలునంటుంది. థాయ్ చేతులు అక్కడ ఆగవు.

బోదె బిళ్ళ చుట్టూ కట్టే ఆకుపనిని దగ్గరగా చూడాలి. దీనికి బాగా పనికొస్తుందని వాళ్ళు ఏరుకునేది 'తానీ' అనే గింజల అరటి ఆకు. దళసరిగా, నిగనిగలాడుతూ ఉంటుంది, తొందరగా చిరగదు. అరటాకుకి ఈనెలు నడిమి కాడ నుంచి అంచు వైపు పోతాయి. ఆ ఈనెల వెంటే పట్టీలు చీల్చాలి. అడ్డంగా చీలిస్తే మడత దగ్గర ఆకు విచ్చిపోతుంది. పట్టీ కొసలు కిందికి తిప్పి మడిస్తే మొనదేలిన రేకు వస్తుంది. మడత కొంచెం మార్చితే గులాబీ రేకు. ఒక రేకు వీపు మీద ఇంకో రేకును సగం కప్పేటట్టు పేర్చి, సన్నటి వెదురు పుల్లలతో బిళ్ళ అంచుకి గుచ్చుతూ పోతారు. ఒక వరస పూర్తయితే దాని సందుల్లోంచి తొంగి చూసేలా రెండో వరస. చూస్తుండగానే చప్పటి బోదె ముక్క విచ్చుకున్న తామరపువ్వు అవుతుంది.

ఈ పనికి తప్పులు దాచే గుణం లేదు. ఒక్క రేకు అర అంగుళం పొడుగైతే పక్కవన్నీ పొట్టిగా కనబడతాయి. అరటాకు లేత, ముదురు పచ్చల్లో ఏ రెండు పట్టీలూ సరిగ్గా ఒకటిగా ఉండవు. మంచి పనివాళ్ళు ఆ తేడాను కూడా వాడుకుంటారు, లోపలికి లేత ఆకు, బయటికి ముదురు ఆకు వచ్చేటట్టు. శుభకార్యాల్లో పెట్టే 'బాయ్‌సీ' అనే ఎత్తైన ఆకు గోపురానికీ ఇదే విద్య. వేళ్ళలా నిలబడే మడతలను పటిక నీళ్ళలో నానబెట్టి బిగువు తగ్గకుండా కాపాడతారు. ఆకు వడలిపోకముందే అంత పనీ తేలాలి.

నడుమ పూలు. బంతి, బొగడబంతి, మల్లె, ఆర్కిడ్, వాటితో పాటు జిల్లేడు. ఆ తెల్ల జిల్లేడు పువ్వుని థాయ్‌లో 'రక్' అంటారు. ప్రేమకీ అదే మాట. అందుకే దండల్లో దానికంత మర్యాద. పూల మధ్య ఒక కొవ్వొత్తి, మూడు అగరుబత్తీలు. కొందరు ఒక నాణెం, గోరు ముక్క, వెంట్రుక కూడా పెడతారు, తమలోని చెడు నీళ్ళతో పోవాలని. ఇక మిగిలింది నీటి పరీక్ష. పూలబరువు ఒక పక్కకి ఒరిగితే దీపం వాలి, పది గజాలు పోకముందే ఆరిపోతుంది. కాబట్టి అందంతో పాటు తూకం కూడా చేతికి తెలియాలి. గంటల తరబడి కూర్చుని చేసినదాన్ని నుదుటికి ఆనించి, నీటి మీద పెట్టి, అరచేత్తో అలను కొంచెం ముందుకు తోస్తారు. అంతటితో అది వాళ్ళది కాదు.

ఇంతమంది కదిలే ఈ పండుగకి థాయ్‌లాండ్‌లో ప్రభుత్వ సెలవు లేదు. సెలవుల జాబితాలో ఉన్న పండుగల పేర్లేమో మన పంచాంగం చదివినట్టే ఉంటాయి. మాఖ బూచా అంటే మాఘ పూజ. విసాఖ బూచా అంటే వైశాఖ పూజ. ఆసాన్హ బూచా అంటే ఆషాఢ పూజ. మూడూ పున్నములే, మూడూ బుద్ధుడివే. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా జరిగే కొత్త సంవత్సరం సోంగ్‌క్రాన్, మన సంక్రాంతి మాటే. 2023లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మే నెలలో రాజు తరఫున దుక్కి ప్రారంభించే వేడుక మన ఏరువాకను గుర్తుచేస్తుంది. ఆగస్టు 12న మాతృదినోత్సవం, ఆ రోజు గుర్తు మల్లెపువ్వు. రాజవంశానికీ రాజ్యాంగానికీ సంబంధించిన రోజులు వేరే ఉన్నాయి. ఈ వరసలో ఏ పండుగ తలుపు తీసినా లోపల ఎవరో ఒకరు కూర్చుని ఏదో ఒకటి చేస్తూ కనబడతారు. సోంగ్‌క్రాన్‌కి ఆలయ ప్రాంగణాల్లో ఇసుకతో చైత్యాలు కడతారు. ఏడాదంతా భక్తుల కాళ్ళకి అంటుకుని బయటికి పోయిన ఇసుకను తిరిగి తెచ్చి అప్పజెప్పడం అది. ఆ చైత్యం తొలి గట్టి వాన దాకా ఉంటుంది.

ఆకు తర్వాత మైనం. ఆషాఢ పున్నమి మర్నాడు, సాధారణంగా జులైలో, 'ఖావ్ ఫన్సా' వస్తుంది. ఫన్సా మన 'వర్ష' శబ్దమే. వానాకాలం మూడు నెలలు భిక్షువులు ఊళ్ళు తిరగకుండా ఒకే ఆరామంలో ఉండి చదువుకుంటారు. కరెంటు లేని కాలంలో ఆ చదువుకి వెలుతురు కావాలి గనుక గృహస్థులు కొవ్వొత్తులు ఇచ్చేవారు. ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఉబోన్ రాచథానిలో ఆ చిన్న దానం కళగా పెరిగింది. మొదట్లో చిన్న కొవ్వొత్తులను వెదురు బొంగు చుట్టూ కట్టగా కట్టి, వెండి బంగారు రంగు కాగితాలు చుట్టి ఇచ్చేవారు. తర్వాత పోత పోసిన నిలువెత్తు కొవ్వొత్తి వచ్చింది. ఇప్పుడు బండి మీద పడుకోబెట్టినా, నిలబెట్టినా వీధంతా నిండే మైనపు రథాలు థుంగ్ సీ మ్యువాంగ్ మైదానానికి బారులు తీరతాయి.

ఇందులో రెండు దారులున్నాయి. మొదటిది అచ్చు అతికించే పని. మైనాన్ని పలుచటి రేకుగా చేసి, గోరువెచ్చగా మెత్తబరిచి, నగిషీ చెక్కిన అచ్చు మీద వేలితో అదుముతారు. అచ్చులోంచి లేచిన రేకును కత్తి మొనతో సందులు తీసి, పెద్ద కొవ్వొత్తి ఒంటి మీద ముక్క పక్కన ముక్క అతికిస్తారు. ఒక్క కొవ్వొత్తికి అలాంటి చిన్న ముక్కలు వేలల్లో పడతాయి. అతుకు కనబడితే పనివాడు ఓడిపోయినట్టే. లత ఒక ముక్కలో మొదలై ఇంకో ముక్కలోకి పాకినప్పుడు దాని మెలిక ఎక్కడా తెగకూడదు.

రెండోది చెక్కుడు పని. దుంగంత మైనాన్ని నేరుగా కత్తులతో తొలుస్తారు. ముందు ఆకారం, తర్వాత లోతు, చివర కొసలు. బుద్ధుడి కథలు, జాతకాలు, నాగుడు, గరుడుడు, హంస, రామకియన్ అని వాళ్ళు పిలుచుకునే రామాయణ ఘట్టాలు మైనంలోంచి బయటికి వస్తాయి. బొమ్మల మధ్య ఖాళీ నింపేది 'కనోక్'. మంట నాలుకలా లేచి, మెలి తిరిగి, సూది మొనలా ముగిసే థాయ్ అలంకారం అది. ఆలయ తలుపుల మీద, గోడ బొమ్మల్లో, పట్టుబట్టల మీద అంతటా ఉంటుంది. కర్రలో ఆ మొనను చెక్కిన చేతికి మైనంలో చెక్కడం సులువనిపించవచ్చు. కానీ మైనం వాతావరణం చెప్పినట్టు వింటుంది. వేడికి మెత్తబడి కత్తికి అంటుకుంటుంది, చల్లబడితే పెళుసై మొన రాలిపోతుంది. ఏ పూటకి మైనం ఎలా ఉందో వేలికొసతో తెలుసుకుని, ఆ పూటకి తగిన పని పెట్టుకోవడమే ఇందులో పెద్ద విద్య.

ఈ పని ఒక్కరి పేరు మీద నడవదు. ప్రతి ఆలయం చుట్టూ ఉన్న వాడ తన కొవ్వొత్తి తాను చేసుకుంటుంది. పండుగకి కొన్ని వారాల ముందు నుంచే ఆలయ ప్రాంగణంలో పందిరి వేసి పని మొదలవుతుంది. పెద్ద పనివాడు గీత గీస్తాడు. ముసలివాళ్ళు, బడిపిల్లలు, చూడవచ్చినవాళ్ళు సైతం కూర్చుని రేకులకు సందులు తీస్తారు. సులువైన ముక్క పిల్లవాడి చేతికి, కష్టమైనది కొంచెం చేయి తిరిగినవాడికి. పాఠం అనే పేరు లేకుండానే పాఠం జరిగిపోతుంది.

ఇక దాన్ సాయ్. లోయీ ప్రావిన్స్‌లోని ఈ చిన్న ఊళ్ళో జూన్, జులై ప్రాంతంలో 'ఫీ తా ఖోన్' జరుగుతుంది. తేదీని ఊరి దేవత పూనే పెద్ద నిర్ణయిస్తాడు. ఉన్నదంతా దానమిచ్చిన వెస్సంతర రాజు అడవి నుంచి తిరిగి వస్తుంటే ఆత్మలు కూడా సంతోషం పట్టలేక ఊరేగింపులో కలిశాయని కథ. ఆ ఆత్మల ముసుగులు చేసేది వంటింటి వస్తువుతో. జిగురు బియ్యం ఆవిరి మీద ఉడికించే వెదురు బుట్టను విరిచి పైకి మడిస్తే టోపీ. కొబ్బరి మట్ట మొదట్లోని వెడల్పాటి భాగాన్ని చెక్కి కళ్ళకి రంధ్రాలు తీస్తే మొహం. తేలిక కర్రతో ఏనుగు తొండంలా వంగిన ముక్కు. కొబ్బరి పూతను కప్పి ఉంచే తొడుగు ఎండాక, దానితో కొమ్ములు. ఆపైన రంగులు, గీత మీద గీత. పాత గుడ్డపేలికల చొక్కా, నడుముకి పశువుల మెడగంటలు. పూర్వం పండుగ కాగానే ఆ ముసుగునూ వేషాన్నీ ఊరి పక్క పారే మాన్ నదిలో వదిలేసేవారు, కీడంతా వాటితో పోవాలని. సర్వం ఇచ్చేసిన రాజు కథకి అంతకన్నా తగిన ముగింపు ఏముంటుంది?

ఆకు, మైనం, ఇసుక, వెదురు. ఏ దేశంలోనైనా గొప్ప పనితనానికి రాయినీ లోహాన్నీ చూపిస్తాం. థాయ్‌లాండ్‌లోనూ అవి ఉన్నాయి. కానీ రాతిపనికి ఒక అపాయం ఉంది. గుడి కట్టేశాక అది రెండు వందల ఏళ్ళు నిలబడుతుంది. ఆ రెండు వందల ఏళ్ళూ అలాంటి ఇంకో గుడి కట్టనవసరం లేకపోతే, గుడి మిగిలి శిల్పి మాయమవుతాడు. క్రతోంగ్ అలా కాదు. నిరుటిది నీళ్ళతో పోయింది, కనుక ఈ ఏడు మళ్ళీ ఎవరో ఒకరు ఆకు మడవాల్సిందే. వస్తువు ఒక్క రాత్రికి పోతుంది, కాబట్టే విద్య తరాలు నిలుస్తుంది. ఏటా బతుకమ్మ పేర్చే తెలంగాణ ఇళ్ళకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. తంగేడు వరసలు తిన్నగా పేర్చడం ఏ పుస్తకమూ నేర్పలేదు. నిమజ్జనమే నేర్పింది.

ఈ లెక్క ఒకసారి తప్పబోయింది కూడా. బోదెకు బదులు థర్మోకోల్ బిళ్ళ వచ్చింది. తేలిక, చవక, చెడిపోదు. ఆ చెడిపోకపోవడమే చిక్కు తెచ్చింది. గంగమ్మను మన్నించమని అడిగే వస్తువే ఆమె గొంతుకి అడ్డం పడింది. బ్యాంకాక్ నగరపాలక సిబ్బంది పండుగ రాత్రే పడవల్లో తిరిగి క్రతోంగ్‌లు ఏరి లెక్కపెడతారు. 2023లో ఏరినవి ఆరు లక్షలు దాటాయి. వాటిలో నూటికి తొంభై ఆరుకు పైగా ఆకు, బోదె, రొట్టె వంటి సహజ పదార్థాలవే. జనం మళ్ళీ అరటి దగ్గరికి వచ్చారన్నమాట. ఇది పర్యావరణానికి మంచిదే, చేతికి అంతకంటే మంచిది. థర్మోకోల్ బిళ్ళకి ఈనెల దారి తెలియనక్కర్లేదు.

పింగ్ నది ఒడ్డున ఉన్న తాక్ పట్టణంలో క్రతోంగ్ మరో రూపం తీసుకుంది. అక్కడివాళ్ళు 'మియాంగ్' అనే చిరుతిండికి కొబ్బరి బాగా వాడతారు. మిగిలిన చిప్పలను పారేయరు. శుభ్రం చేసి, లోపల కాకి పాదంలా మూడు కొసలుగా పేనిన దారపు వత్తి పెట్టి, మైనం పోస్తారు. పున్నమి రాత్రి ఒడ్డున నిలబడి ఒక చిప్ప తర్వాత ఒక చిప్ప, సమంగా ఎడం ఇస్తూ ప్రవాహం నడుమకి వదులుతారు. ఏరు వాటిని తన వంపు వెంట ఒకే గొలుసుగా లాక్కుపోతుంది. వెయ్యి దీపాలు తెగని వరసలో, నల్లటి నీటి మీద, ఊరు దాటి. ఎడం తప్పితే గొలుసు తెగుతుంది. అక్కడ పనితనమంతా ఆ వదిలే చేతి లయలో ఉంది.

ఆ చిప్పల్లో పోసే మైనం సంప్రదాయంగా ఎక్కడి నుంచి వచ్చేదో తెలిస్తే ఏడాదంతా ఒక చుట్టుగా కనబడుతుంది. ఆషాఢంలో ఆలయాలకి ఇచ్చిన ఫన్సా కొవ్వొత్తులు మూడు నెలలు భిక్షువుల పారాయణకి వెలిగి, కరిగి, మిగిలిన మైనమే అది. వానాకాలమంతా చదువుకి వెలుగిచ్చిన మైనం, తిని వదిలేసిన కొబ్బరి చిప్పలో, చివరి దీపమై ఏట్లో కలుస్తుంది.