తెల్ల బంతి ఎక్కడ ఆగింది?

2017 సెప్టెంబరు 16, శనివారం. విశాఖపట్నంలో ఇండియన్ ఓపెన్ స్నూకర్ ఫైనల్ జరుగుతోంది. నేను అనంతపురంలో, ఒక సందులో మెట్లెక్కి పోయే పార్లర్‌లో, గోడవార బెంచీ మీద కూర్చుని ఫోను చూస్తున్నాను. అందులో బొమ్మ లేదు. జాన్ హిగిన్స్, ఆంథొనీ మెక్‌గిల్ అని రెండు పేర్లు, వాటి పక్కన రెండు అంకెలు. వైజాగ్ పోదామని నెల ముందునుంచీ అనుకుంటూనే ఉన్నాను. సెలవు దొరకలేదు. లైవ్ స్కోరే దిక్కయింది.

"ఏంది సార్, అట్ల చూస్తాండారు? క్రికెట్టా?" ఆడే కర్ర, అదే క్యూ, దాని కొనకు చాక్ రాసుకుంటూ అడిగాడొక కుర్రాడు.

"స్నూకరప్పా. మన వైజాగ్‌లోనే ఫైనల్."

"ఊరికే అంకెలు చూస్తే ఏం తెలుస్తాది?"

పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. అంకె 1 అయింది. అంటే ఎర్ర బంతి పడింది. 1 నుంచి 8కి పోయింది. ఏడు పాయింట్లు కలిశాయంటే నల్ల బంతి. 9, 16, 17, 24. మళ్లీ ఎరుపు, నలుపు, ఎరుపు, నలుపు. అంకె చకచకా కదులుతోందంటే ఆటగాడు క్యూతో కొట్టే తెల్ల బంతి అతను చెప్పిన చోటికల్లా పోతోందన్నమాట. 25 తర్వాత 32 రావాల్సింది 30 వచ్చిందనుకో, నల్ల బంతికి సరైన కోణం దొరకలేదు, అయిదు పాయింట్ల నీలంతో సరిపెట్టుకున్నాడు. అక్కడ ఏదో తేడా వచ్చింది. ఇంకో రెండు బంతుల్లో ఆగిపోవచ్చు. ఎర్ర బంతి పడకుండానే ఎదుటివాడి ఖాతాలో ఉన్నట్టుండి 4 చేరితే ఫౌల్.

కుర్రాడు కాసేపు చూసి, "ఇప్పుడు కదల్డం లేదు సార్" అన్నాడు.

అదీ ఆట. అంకె కదలని ఆ నిమిషాల్లో ఇద్దరూ సేఫ్టీ ఆడుతున్నారు. ఒకడు ఎర్ర బంతిని అంచున తాకించి, తెల్లదాన్ని టేబులంతా తిప్పి, వెనక కుషన్‌కు అతుక్కునేలా ఆపుతాడు. రెండోవాడు అక్కడినుంచి ఏ బంతీ పడేయలేడు. అతనూ తాకించి వెనక్కి తెస్తాడు. ఇలా పది, పన్నెండు షాట్లు. స్కోరు బోర్డు మీద ఒక్క పాయింటు మారదు. టోర్నమెంటు మొదటి రోజుల్లో ఈ దృశ్యం అంతగా ఉండదు. బలవంతుడూ బలహీనుడూ తలపడతారు, బంతులు టపటపా పడతాయి, గంటలో తేలిపోతుంది. క్వార్టర్ ఫైనల్స్ దాటాక ఇద్దరికీ బంతులు పడేయడం వచ్చు, ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. కాబట్టి పోటీ బంతుల మీదినుంచి తెల్ల బంతి మీదికి మారుతుంది. దాన్ని ఎక్కడ వదిలి కుర్చీకి పోతావన్నదే ప్రశ్న. చివరి రౌండ్లు చూడడం నాకు అలవాటైంది అందుకే. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, ఇంకా తనివి తీరలేదు.

ఆ కుర్చీ గురించి కొంచెం చెప్పాలి. కబడ్డీలో ఓడిపోతున్నా ఒక కూత వేయొచ్చు. టెన్నిస్‌లో ఎంత చెడ్డరోజైనా బంతి నీ వైపు రాక తప్పదు. స్నూకర్‌లో ఎదుటివాడు తప్పు చేసేదాకా కుర్చీలో కూర్చోవాలి. నీళ్ల గ్లాసు, తువ్వాలు, ఒళ్లో క్యూ. ఎదుటివాడు ఒక్కసారీ గురి తప్పకుండా 147, అంటే ఒకే దఫాలో వచ్చే గరిష్ఠ స్కోరు, కొడితే ఆ ఫ్రేములో (గేములో) నీకు మళ్లీ ఒక్క షాటూ రాకపోవచ్చు. విసుగు కనిపించకూడదు, దగ్గకూడదు, అతని చూపుకు అడ్డంగా కదలకూడదు. ఇరవై నిమిషాలు అలా కూర్చుని, లేచి, మొదటి షాటే చేయి వణకకుండా ఆడాలి. పెద్ద ఆటగాడినీ మామూలు ఆటగాడినీ వేరుచేసేది నా లెక్కలో ఆ కుర్చీయే.

మెక్‌గిల్‌కు ఆ కుర్చీ రెండు తెలుగు నగరాల్లోనూ దక్కింది. 2016 జులైలో ఇదే ఇండియన్ ఓపెన్ హైదరాబాద్‌లో జరిగినప్పుడు ఫైనల్లో కైరెన్ విల్సన్‌ను 5–2తో ఓడించి తన మొదటి ర్యాంకింగ్ టైటిల్ గెలిచాడు. పద్నాలుగు నెలల తర్వాత వైజాగ్‌లో మళ్లీ ఫైనల్‌కు వచ్చాడు. అప్పటికతనికి 26 ఏళ్లు. ఎదుట 42 ఏళ్ల హిగిన్స్, నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్, తన దేశం స్కాట్లాండ్‌వాడే. 5–1తో హిగిన్స్ గెలిచాడు. అది అతని 29వ ర్యాంకింగ్ టైటిల్. మొదటి టైటిల్ గెలిచిన టోర్నమెంటు ఫైనల్లోనే మెక్‌గిల్ ఆ రోజు ఎక్కువసేపు కూర్చునే ఉన్నాడు. అంకెల్లోనే నాకది తెలిసింది. అతని పక్కనున్న అంకె చాలాసేపు అట్లాగే నిలబడిపోయేది.

అనంతపురం నుంచి ఈ ఆట గురించి రాస్తుంటే కొందరికి వింతగా ఉంటుందని తెలుసు. వానకు మొహం వాచిన జిల్లా, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడితే గొప్ప. చెనిక్కాయ చేను, బోరుబావి, వలస, ఇవి మా మాటలు. పచ్చగుడ్డ పరిచిన టేబులు పైవాళ్ల క్లబ్బుల సొత్తని అనుకుంటారు. నిజానికి ఈ ఆట పుట్టిందే మన దేశంలో. 1875లో జబల్‌పూర్‌లోని ఆంగ్ల సైనికాధికారి నెవిల్ చాంబర్లిన్ (తర్వాత ప్రధానమంత్రి అయిన చాంబర్లిన్ వేరు) అప్పటి పూల్ ఆటకు రంగు బంతులు కలిపాడంటారు. నియమాలు రాసి గోడకు తగిలించింది ఊటీ క్లబ్బులో, 1882లో అని చెబుతారు. బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేసింది కూడా 1882లోనే. ఊటీ, అనంతపురం రెండూ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఈ రెంటికీ సంబంధం అంటగట్టను. కానీ ఈ ఆట మాకు పరాయిదన్నప్పుడల్లా నాకీ ఏడాది గుర్తొస్తుంది.

మా పార్లర్ మార్కర్ చేతిపని చూస్తే ఎవరికైనా గౌరవం పుడుతుంది. మార్కరంటే స్కోరు చూసి, బంతులు పేర్చి, టేబులు బాగోగులు చూసుకునే మనిషి. మా దగ్గర ఆషాఢం వచ్చిందంటే గాలికాలం. కొండల మీద గాలిమరలు తిరిగే ఆ గాలే కిటికీ సందుల్లోంచి ఎర్రమట్టిని తెచ్చి గుడ్డ మీద పోస్తుంది. అతను రోజుకు మూడుసార్లు బ్రష్ పడతాడు. ఎటు పడితే అటు పట్టడు. ఆట మొదలయ్యే వెనక కొస నుంచి నల్ల బంతి ఉండే కొస వైపు ఒకే దిశలో. స్నూకర్ గుడ్డకు ఊలు నూగు ఉంటుంది, అది ఆ వైపుకు వాలి ఉంటుంది. ఎదురు దువ్వితే నెమ్మదిగా పోయే బంతి దారి తప్పుతుంది. తర్వాత అదే దిశలో ఇస్త్రీ. చివరికి అరచేయి గుడ్డ మీద ఆనించీ ఆనించనట్టు జరుపుకుంటూ పోతాడు. ఒక్క ఇసుక రేణువు తగిలినా ఆగి, గోటితో తీస్తాడు. బంతికీ బంతికీ మధ్య పిసరంత చాక్ పొడి చేరినా తాకిడి చెడి బంతి ఎగిరినట్టవుతుంది, దాన్ని కిక్ అంటారు. పెద్ద ఫైనల్స్‌లో కిక్ వచ్చి ఫ్రేము చేజారడం చూశాం కదా. మా మార్కర్ మాత్రం తన టేబుల్ మీద కిక్ వస్తే తనను తిట్టినట్టే బాధపడతాడు.

ఒకసారి గుడ్డ మార్చే రోజున పార్లర్‌కు వెళ్లాను. పాత గుడ్డ ఒలిచేశారు. కింద నున్నటి బూడిదరంగు రాయి. అయిదు పలకలు పక్కపక్కన చేర్చి, అతుకుల్లో మైనం నింపి, మట్టం సరిచేసి ఉన్నాయి. పన్నెండడుగుల టేబుల్ బరువు టన్ను దాటేది ఈ రాతివల్లే. కుర్రాళ్లు గుమిగూడి చేతులు ఆనించి చూస్తున్నారు. తాడిపత్రి వైపునుంచి వచ్చినవాడొకడు, "ఇది నాపరాయే కదన్నా?" అన్నాడు. స్లేటు వేరు, నాపరాయి వేరు అని మార్కర్ చెప్పాడు. వాడు వినలేదు. పుట్టిన దగ్గర్నుంచీ నాపబండల మీద నడిచినవాడు. "మా ఇంట్ల పరిచిందే" అంటూ ఇంకోసారి నిమిరాడు.

పార్లర్‌లో ఎక్కువ నడిచేది మాత్రం స్నూకర్ కాదు, పూల్. టేబులు చిన్నది, ఆట త్వరగా తేలుతుంది, "ఓడినోడే టేబుల్ దుడ్లు కట్టాల" అన్న పందెం చేతికందే మొత్తంలో ఉంటుంది. 2024 జూన్‌లో జెడ్డాలో ప్రపంచ పూల్ చాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది. ఫెదోర్ గోర్స్ట్, ఎక్లెంట్ కాచీ. నైన్‌బాల్, ముందు 15 ర్యాకులు (గేములు) గెలిచినవాడిది టైటిల్. ఎవరూ ఫలితం ముందుగా చూడకూడదని ఒట్టు పెట్టుకుని, మర్నాడు నలుగురం ఒక ఫోను గోడకు ఆనించి రికార్డింగు చూశాం. ఈ ఆటలో నా అంకెల విద్య పనికిరాదు. పాయింట్లు లేవు. బల్ల మీదున్న వాటిలో చిన్న నంబరు బంతినే ముందు తాకాలి, 9వ బంతి ఎవరు పడేస్తే ర్యాకు వాళ్లది. ఎనిమిది బంతులు కష్టపడి పడేసి తొమ్మిదో దాన్ని తప్పితే ఆ ఎనిమిదికీ విలువ లేదు. పైగా ఫౌల్ చేస్తే ఎదుటివాడు తెల్ల బంతిని చేత్తో తీసి ఇష్టమొచ్చిన చోట పెట్టుకోవచ్చు. స్నూకర్‌లో చిన్న తప్పుకు నాలుగు పాయింట్లు పోతాయి, ఇక్కడ టేబులే పోతుంది.

స్కోరు 14–14 అయింది. 28 ర్యాకులు ఆడాక ప్రపంచ టైటిల్ ఒక్క ర్యాకుకు వచ్చి ఆగింది. గదిలో మిగతా టేబుళ్ల దగ్గర ఆట ఆపేసి వచ్చారు. అప్పుడొక కుర్రాడు, నేను ఏమీ చెప్పకుండానే, పక్కవాడి తలమీద చిన్నగా తట్టి, "పడే బంతిని చూడొద్దురా, వైట్ చూడు" అన్నాడు. ఆ చివరి ర్యాకు ఎలా సాగిందో ఇక్కడ రాయను. గోర్స్ట్ 15–14తో గెలిచాడు. చూడనివాళ్లు దొరకబుచ్చుకుని చూడండి.

ఇప్పుడు అసలు బాధ. మా ఊళ్లో పార్లర్ మెట్లెక్కే కుర్రాడిని చెడిపోయినవాడి కింద జమకడతారు. నా డిగ్రీ రోజుల్లో మా నాయన ఒకసారి నన్ను మెట్ల దగ్గరే పట్టుకున్నాడు. చెనిక్కాయ అమ్మిన డబ్బు ఫీజుకని ఇచ్చి పంపిన వారం అది. ఏమీ అనలేదు. సైకిలు వెనక ఎక్కించుకుని ఇంటికి తెచ్చాడు, నెలరోజులు మాట్లాడలేదు. ఆయన కోపంలో న్యాయముంది. పొగ, పందెం, క్లాసు ఎగ్గొట్టడం, మూడూ ఆ గదుల్లో ఉండేవి. కొన్నిచోట్ల ఇప్పటికీ ఉన్నాయి. పందెం ఎంత దూరం పోతుందో నేనూ దాచను. 2014లో మనకు రెండొందల కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ ఫైనల్ జరిగింది. 14 ఏళ్ల చైనా కుర్రాడు యాన్ బింగ్‌టావ్ పాకిస్తాన్‌కు చెందిన మహమ్మద్ సజ్జాద్‌ను 8–7తో ఓడించాడు. ఆ వయసులో ఆ టైటిల్ అంతకుముందు ఎవరూ గెలవలేదు. అదే యాన్‌పై 2023లో మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో అయిదేళ్ల నిషేధం పడింది. ఆ వార్త చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కానీ అదే బెంగళూరులో పంకజ్ అద్వానీ ఉన్నాడు. అన్న ఆడుతుంటే చూసి, పదేళ్ల వయసులో క్యూ పట్టాడు. కర్ణాటక రాష్ట్ర బిలియర్డ్స్ సంఘం హాల్లో అరవింద్ సవూర్ దగ్గర నేర్చుకున్నాడు. 2024 నాటికి బిలియర్డ్స్, స్నూకర్ కలిపి 28 ప్రపంచ టైటిళ్లు. ఓఎన్‌జీసీ ఉద్యోగమిచ్చింది. అతన్ని నిలబెట్టింది వెలుతురున్న ఒక హాలు, కుర్చీ వేసుకుని చూసే ఒక పెద్ద మనిషి, పందెం లేని ఆట.

అనంతపురానికి అలాంటి హాలు కొత్త ఆలోచనేం కాదు. ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ స్టేడియంలో హాకీ ఉంది, క్రికెట్ ఉంది, 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీకి జనం విరగబడ్డారు. 2010లో రఫేల్ నాదల్ తన ఫౌండేషన్ టెన్నిస్ బడి కోసం ఈ ఊరికే వచ్చాడు. టెన్నిస్ ఈ ఎండలో ఎవరాడతారని అప్పుడూ అన్నారు. పల్లె పిల్లలు ఆడుతున్నారు. క్యూ ఆటకు ఎండా లేదు, వానా అక్కర్లేదు. నాలుగు టేబుళ్లు, ఒక మార్కర్, సాయంత్రం రెండు గంటలు చాలు. కాలేజీల వాళ్లు, జిల్లా క్రీడాశాఖ వాళ్లు తలుచుకుంటే ఒక ఏడాదిలో అయ్యే పని.

అంతవరకూ తల్లిదండ్రులకు నాదొక విన్నపం. మీ అబ్బాయి పార్లర్‌కు పోతున్నాడని తెలిస్తే మెట్ల దగ్గర ఆగిపోవద్దు. పైకెక్కి ఒక అరగంట బెంచీ మీద కూర్చోండి. బంతి పడిందా లేదా అని చూడకండి. మీవాడు కొట్టాక తెల్ల బంతి ఎక్కడ ఆగిందో, ఎదుటివాడు ఆడుతున్నంతసేపూ మీవాడు ఎలా కూర్చున్నాడో చూడండి. తిట్టాలో వద్దో ఆ తర్వాత నిర్ణయించుకోండి.