చుట్టం చేతిలో కెమెరా

లగ్నపత్రిక రాసుకున్న సాయంత్రం కాఫీలు అయ్యాక, పెళ్లివారింట్లో పనులు పంచుకోవడం మొదలవుతుంది. వంటవాళ్ల సంగతి బాబాయి, పూల సంగతి మేనత్త, బస్సు సంగతి పెద్దబావ. అప్పుడు ఎవరో ఒకరు మూల కూర్చున్న కుర్రాడి వైపో అమ్మాయి వైపో తిరుగుతారు: "నీ దగ్గర కెమెరా ఉందిగా, ఫోటోలు నువ్వు చూసుకో." ఆ కెమెరా అప్పటిదాకా పూలనీ పిట్టలనీ కార్తీక వనభోజనాలనీ తప్ప మరేమీ చూసి ఉండదు.

డబ్బిచ్చి పిలిచిన ఫోటోగ్రాఫరు ఎటూ ఉంటే ఈ బాధ్యత తేలికే. ఎవరూ లేనప్పుడే కష్టం. అన్నవరం కొండమీదో ఊరి రామాలయంలోనో దగ్గరివాళ్ల మధ్య జరిపించే పెళ్లిలో, రిజిస్ట్రారు ఆఫీసులో దండలు మార్చుకునే పెళ్లిలో ఆ చుట్టమే ఫోటోగ్రాఫరు. తలంబ్రాలు మళ్లీ పొయ్యమని అడగొచ్చేమో కానీ మూడుముళ్లు మళ్లీ వెయ్యమని ఎవరూ అడగలేరు.

అయినా భయపడాల్సినంత పని కాదిది. చుట్టానికి లెన్సుల గురించి అంతగా తెలియకపోవచ్చు. తంతు తెలుసు, మనుషులు తెలుసు. బయటినుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు ఎంత పనిమంతుడైనా ఆ రెండోది ఒక్కపూటలో నేర్చుకోలేడు. తెలిసినదాన్ని అడ్డుపెట్టుకుని తెలియనిదాన్ని నెట్టుకురావడమే ఇంటి ఫోటోగ్రాఫరు విద్య.

తంతు తెలిస్తే చోటు తెలుస్తుంది

తెలుగు పెళ్లి ఒక వరసలో నడుస్తుంది. ఇంటిని బట్టి, ప్రాంతాన్ని బట్టి కొంత మారినా, ఏ ఇంటి వరస ఆ ఇంట్లో ముందే ఖరారై ఉంటుంది. స్నాతకం, కాశీయాత్ర, గౌరీపూజ, కన్యాదానం, జీలకర్రబెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, సప్తపది, అరుంధతీ దర్శనం, అప్పగింతలు. తెలంగాణ ఇళ్లలో ఎదురుకోళ్లు, మైలపోలు, పుస్తెమట్టెలు, బరాత్ అనే మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. పెళ్లికి రెండురోజుల ముందు ఒక కాగితం తీసుకుని అమ్మమ్మ దగ్గర కూర్చుంటే మొత్తం చెప్పేస్తుంది. ఒక్కో తంతు ఎదురుగా మూడే ముక్కలు రాసుకోవాలి: ఎవరు చేస్తారు, ఏ చేత్తో చేస్తారు, ఎటు తిరిగి కూర్చుంటారు.

ఉదాహరణకు జీలకర్రబెల్లం. సుముహూర్తం అదే. వధూవరుల మధ్య అడ్డుతెర ఉంటుంది. తెరకు ఒకవైపు నిలబడితే ఒక్కరే కనిపిస్తారు. తెర అంచు దగ్గర, బట్ట గీతలా కనిపించేచోట నిలబడితే ఇద్దరూ కనిపిస్తారు, ఒకరి తలమీద ఒకరు ఉంచిన చేతులూ కనిపిస్తాయి. తెర దించిన ఆ రెండు మూడు క్షణాల్లో చూపులు కలవడం కూడా అక్కడినుంచే దొరుకుతుంది. ఆ చోటు పది నిమిషాల ముందే పట్టుకోవాలి. సమయం దగ్గరపడేకొద్దీ అక్కడికి అందరూ చేరతారు.

మాంగల్యధారణకి ఒక సౌలభ్యం ఉంది: ముందే చెవికి తెలుస్తుంది. పంతులుగారు చెయ్యెత్తగానే సన్నాయి, డోలు జోరందుకుంటాయి. గట్టిమేళం అంటే కొత్త ఫోటోగ్రాఫరుకి వేలు బటన్ మీద పెట్టమన్న హెచ్చరిక. ముళ్లు మూడు కాబట్టి అవకాశాలూ మూడు. మొదటి ముడికి మండపమంతా వచ్చేలా ఒకటి, రెండో ముడికి చేతులు, వెనక జడ పైకెత్తి పట్టుకున్న ఆడపడుచు, మూడో ముడికి పెళ్లికూతురి ముఖం. ఇక్కడ ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ క్షణంలో అక్షింతలు వెయ్యడానికి అందరూ లేస్తారు, సగంమంది ఫోన్లు ఎత్తుతారు. కుర్చీల వెనకనుంచి తీద్దామనుకుంటే వీపులే మిగులుతాయి. మండపం మెట్టుమీద, పెళ్లికొడుక్కి పక్కగా ఏటవాలుగా, మోకాలిమీద కూర్చుని ఉండాలి.

కన్యాదానంలో కాళ్లు కడిగేటప్పుడు అందరి కెమెరాలూ నీళ్లమీద, పళ్లెంమీద ఉంటాయి. చుట్టానికి తెలిసిన సంగతి వేరు: పెళ్లి ఖర్చుల లెక్కలతో నెలలపాటు నిద్రలేని తండ్రి ముఖం ఆ క్షణంలో ఎలా ఉంటుందో. కెమెరా నేలమట్టానికి దించితే నీళ్లు, చేతులు, పైన ఆ ముఖం ఒకే ఫోటోలో వస్తాయి. సన్నికల్లు తొక్కించి మెట్టెలు తొడిగేటప్పుడూ అంతే, కింద కూర్చోవలసిందే.

అరుంధతి సంగతి మరీ సులువు. సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కన మిణుకుమిణుకుమనే ఆ చుక్క పట్టపగలు ఎవరికీ కనిపించదు. పంతులుగారి వేలు, దాని వెంట ఎత్తిన రెండు ముఖాలు, చుక్క కనిపించిందని ఒప్పుకుంటూ ఆపుకోలేని నవ్వు. తియ్యవలసినవి అవే.

వెలుతురుతో పేచీ

తెలుగు పెళ్లి కెమెరాకి పెట్టే పరీక్షల్లో మొదటిది మధుపర్కాలు. కెమెరాలోని మీటరు తను చూసేదంతా ఒక మధ్యరకం బూడిదరంగు అనుకుని వెలుతురు లెక్క వేస్తుంది. ఎదురుగా ఇద్దరు తెల్లబట్టల్లో కూర్చుంటే 'అబ్బో, ఎంత వెలుతురో' అనుకుని తగ్గించేస్తుంది. బట్టలు బూడిదరంగుకి, ముఖాలు నలుపుకి తిరుగుతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అనే మీటను ప్లస్ వైపు అరనుంచి ఒక స్టాపు దాకా తిప్పితే సరిపోతుంది. వెనక లైట్లతో అలంకరించిన గోడ ఉన్నా ఇదే మందు. ఫోన్‌తో తీసేవాళ్లు తెరమీద పెళ్లికూతురి ముఖాన్ని వేలితో తాకితే చాలు, ఫోన్ ఆ ముఖానికి తగ్గట్టు సర్దుకుంటుంది.

రెండోది ఫంక్షన్ హాళ్ల ఎల్ఈడీ లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్. చాలా చవక లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్ మరీ వేగంగా పెట్టినా, చప్పుడు చెయ్యని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడినా ఫోటోమీద నల్లచారలు పడతాయి. సెకనులో 100వ వంతు దగ్గర ఉంటే చాలావరకు బయటపడొచ్చు. కూర్చుని చేసే తంతులకు ఆ వేగం చాలు.

తలంబ్రాలకి మాత్రం చాలదు. మొదటి దోసిళ్లు మంత్రాల మధ్య నెమ్మదిగా పడతాయి, తరవాత అసలు పోటీ మొదలవుతుంది. గింజ గింజా గాలిలో ఆగినట్టు కనిపించాలంటే 500వ వంతు కావాలి, లేదా ఫ్లాష్ కావాలి. ఫ్లాష్ మెరుపు అంతకన్నా చాలా తక్కువసేపు వెలుగుతుంది కాబట్టి గింజల్ని అదే ఆపేస్తుంది. షట్టర్‌ని 60వ వంతుకి దించితే పసుపుగీతలు జల్లుగా పడతాయి. అదీ ఒక అందమే. ముందు మొదటి రకం తీసి పెట్టుకుని, ఆ తరవాత ప్రయోగం చెయ్యాలి.

ఫ్లాష్‌ని నేరుగా ముఖాలమీద కొట్టకూడదు. తెల్లటి పైకప్పు ఉంటే దానివైపు తిప్పితే వెలుతురు మెత్తగా కిందికి దిగుతుంది. ఇంటిముందు షామియానా వేస్తే ఈ ఉపాయం ఎదురుతిరుగుతుంది. ఎర్రటి, పచ్చటి గుడ్డకి తగిలి వచ్చిన వెలుతురు ఆ రంగునే మోసుకొస్తుంది. షామియానా కింద పగటిపూట ఫ్లాష్ లేకపోయినా ముఖాలు ఎర్రబడతాయి. వీలైనప్పుడల్లా మనుషుల్ని అంచువైపు, ఆకాశం వెలుతురు పడేచోటికి జరపాలి. కెమెరాలో రా ఫైలు పెట్టుకుంటే మిగిలిన రంగుదోషాన్ని ఇంటికొచ్చాక సరిచెయ్యొచ్చు.

అర్ధరాత్రి, తెల్లవారుజాము ముహూర్తాలు మనకి కొత్తకాదు. అందుకు ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. ఎఫ్ 1.8 దాకా తెరుచుకునే 50 ఎంఎం లెన్సు చవకలో దొరుకుతుంది. ఐఎస్ఓ 1600, 3200 పెట్టడానికి వెనకాడకూడదు. ఫోటోలో కాస్త గింజ కనిపిస్తే ఎవరూ పట్టించుకోరు, అదిరిన ముఖాన్ని ఎవరూ క్షమించరు. ఒక్క జాగ్రత్త. 1.8లో దగ్గరనుంచి తీస్తే పెళ్లికొడుకు ముఖం స్పష్టంగా, పక్కనే పెళ్లికూతురు మసగ్గా వస్తారు. ఇద్దరుంటే ఎఫ్ 4, వరసలుగా నిలబడితే 5.6 మేలు.

వీటన్నిటికన్నా ముందు చేతిరుమాలు. చందనం, పసుపు, హోమం పొగ, చెమట అన్నీ చేరేది లెన్సుమీదకే, ఫోన్ అయితే మరీనూ.

కిరాయి ఫోటోగ్రాఫరుతో సఖ్యం

ఫోటోగ్రాఫరు, వీడియో అతను ఉన్న పెళ్లిలో చుట్టం మొదట చెయ్యాల్సింది వాళ్లని పలకరించడం. "అన్నా, నేను పెళ్లికూతురి తమ్ముణ్ణి. మీ ఫ్రేములోకి రాను, ఎక్కడ నిలబడమంటారు?" అన్న ఒక్క మాటతో రోజంతా గొడవ ఉండదు. తంతు ఫోటోలు వాళ్ల బాధ్యత. మళ్లీ అవే తీస్తే రెండు కెమెరాల్లో ఒకే పెళ్లి మిగులుతుంది.

వాళ్లు చేరలేని చోట్లు చుట్టానికున్నాయి. పెళ్లికూతురి గది అందులో మొదటిది. ఇది పాత సంగతే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1890లలో హైదరాబాదులో స్త్రీల కోసం జెనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే ఇంటి ఆడవాళ్లు మగవాడి కెమెరా ముందు కూర్చోరు కాబట్టి దాన్ని ఒక ఇంగ్లీషు స్త్రీకి అప్పగించాడు. ఎంత గొప్ప ఫోటోగ్రాఫరుకైనా లోపలికి రానిచ్చే మనిషి కావాలి. ఇప్పుడు పరదా లేకపోయినా, జడ వేయించుకుంటూ విసుక్కునే పెళ్లికూతురు, బుగ్గన చుక్క పెడుతున్న పిన్ని, మంగళసూత్రాల పెట్టె ఎక్కడుందని కంగారుపడే అమ్మ, వీళ్లంతా సర్దుకుని కూర్చోకుండా ఉండేది ఇంటిమనిషి ముందే. అక్కచెల్లెళ్ల చేతిలోని మామూలు ఫోన్ ఇక్కడ పెద్ద కెమెరాని ఓడిస్తుంది.

అప్పగింతల దగ్గర ఇంకో ధర్మం ఉంది. తల్లీకూతుళ్లు కౌగిలించుకున్నప్పుడు రెండు ఫోటోలు తీసి కెమెరా దించెయ్యాలి. ఆ సమయంలో తమ్ముడి అవసరం ఫోటోగ్రాఫరుగా కాదు.

ఎవరెవరు ఉన్నారు

మన ఇళ్లలో గోడమీద దండవేసిన ఫోటోలు చాలావరకు ఎవరిదో పెళ్లిలో తీసిన గ్రూప్ ఫోటోలోంచి కత్తిరించినవే. పెద్దాయన స్టూడియోకి వెళ్లి కూర్చోలేదు, మనవరాలి పెళ్లికి పట్టుపంచె కట్టి నిలబడ్డాడు. ఇదొక్కటి గుర్తుంటే ఎవర్ని తియ్యాలన్న ప్రశ్న సగం తీరిపోతుంది. డెబ్బై దాటిన ప్రతి చుట్టాన్నీ విడిగా, కిటికీ పక్క వెలుతురులో, ఒక్కసారి కూర్చోబెట్టాలి. పెళ్లి భోజనాలకి ముందు తీస్తే ఓపిగ్గా ఉంటారు.

గ్రూప్ ఫోటోలకి జాబితా తప్పదు. మేనమామలు, మేనత్తలు, తోడికోడళ్లు, తోడల్లుళ్లు, అటువైపు ఆడపడుచులు. పిలవడానికి గొంతున్న బాబాయిని ఒకరిని నియమించుకుంటే కెమెరా పట్టుకున్నవాళ్లు అరవనక్కర్లేదు. ప్రతి గుంపుకీ మూడు తియ్యాలి, ఎవరో ఒకరు కళ్లు మూస్తారు. ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టకూడదో, ఏ ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకుని ఏళ్లయిందో బయటివాడికి తెలియదు. చుట్టానికి తెలుసు.

జాబితాలో లేనివాళ్లూ ఉన్నారు. వంటమేస్త్రి, డోలు వాయించే ఆయన, ఐరేని కుండలు తెచ్చిన కుమ్మరి, ఇంట్లో ఏళ్లుగా పనిచేస్తున్న అవ్వ. పెళ్లి వాళ్ల చేతులమీదుగా నడిచింది, ఆల్బంలో మాత్రం వాళ్లుండరు. అడిగి, పేరు కనుక్కుని తియ్యాలి. ఒక కాపీ వాళ్లకి ఇవ్వాలి.

పెళ్లయ్యాక

మర్నాడు ఉదయమే ఫోటోలన్నిటినీ రెండుచోట్ల దాచేదాకా మెమొరీ కార్డు చెరపకూడదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిక్కిపోతుంది, ముద్రణకి పనికిరాదు; అసలు ఫైళ్లు డ్రైవ్‌లో పెట్టి లింకు పంపాలి. పెళ్లి ఫోటోకి అక్కరలు చాలా ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. నమోదు దరఖాస్తుకి శుభలేఖతోపాటు పెళ్లి ఫోటో జతచేస్తారు. భర్త దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మాయిలు వీసా ఇంటర్వ్యూకి ఆల్బం పట్టుకెళ్లడం మనకి తెలిసిందే. కాబట్టి వధూవరులూ ఇరువైపుల తల్లిదండ్రులూ స్పష్టంగా కనిపించే సాదా ఫోటో ఒకటి తప్పకుండా ఉండాలి.

ఫిల్ము రోజుల్లో రీలుకి 36 ఫోటోలు. ప్రతి నొక్కుకీ ఖర్చు ఉంది కాబట్టి ఎంపిక ముందే జరిగిపోయేది. ఇప్పుడు వేలకొద్దీ తీసి ఎవరూ చూడని పెట్టెలో పడేస్తున్నాం. కరిజ్మా ఆల్బంలో మెరిసే పుటలమీద పెళ్లికూతురు పాతికసార్లు కనిపిస్తుంది, ఆమె పెద్దమ్మ ఒక్కసారీ కనిపించదు. ఇంటి ఫోటోగ్రాఫరు చివరి పని ఇక్కడుంది. వందకు మించకుండా ఎంచి, కాగితంమీద అచ్చువేయించి, ఒక్కొక్క ఫోటో వెనక పెన్సిల్‌తో రాయాలి: ఎవరు, ఏ వరస, ఏ ఊరు. పాతికేళ్ల తరవాత ఆ ఆల్బం తిరగేసే పిల్లలు 'ఈవిడెవరు?' అని అడుగుతారు. జవాబు చెప్పగలిగిన అమ్మమ్మ అప్పటికి ఉంటుందన్న నమ్మకం లేదు. వెలుతురు లెక్కలు ఎవరైనా నేర్చుకుంటారు, కెమెరాలు తమంతట తామే నేర్చుకుంటున్నాయి కూడా. 'రాజోలు పెద్దమ్మ, నాన్నకి మేనత్త కూతురు' అని రాయగలిగేది మాత్రం చుట్టమే. అమ్మమ్మ దగ్గర కాగితం పట్టుకుని కూర్చున్ననాడే ఆ పేర్లు కూడా రాసుకుంటే సగం పని అప్పుడే అయిపోతుంది.